పచ్చగా ఉండగానే వాడిపోయే టమాటా: పంట మార్పా, తట్టుకునే రకమా, అంటు నారా? ఏది మేలు?

బ్యాక్టీరియా ఎండు తెగులు ఒకసారి పడిన చేలో మళ్లీ టమాటా పెట్టాలంటే నాలుగు దారులు కనిపిస్తాయి: కొన్నాళ్లు వేరే పంట వేయడం, తెగులును తట్టుకునే రకం నాటడం, వంగ వేరు మీద అంటుకట్టిన నారు తేవడం, నేలకు మందు వేయడం. మందు మీదే ఎక్కువ డబ్బు పోతుంది, దాని వల్లే తక్కువ ఫలితం వస్తుంది. మిగతా మూడింటిలో ఏది మేలో తేల్చేది మీ చేను: నీరు ఎటు నుంచి ఎటు పారుతుంది, వరి పెట్టే వీలుందా, నేలలో వేళ్లను గాయపరిచే నులిపురుగులు ఉన్నాయా.

ముందు తెగులు ఇదేనని రూఢి చేసుకోవాలి. ఈ తెగులు సోకితే మధ్యాహ్నం లేత ఆకులు పచ్చగానే వాలిపోతాయి, సాయంత్రానికి తేరుకుంటాయి. రెండు మూడు రోజుల్లో ఇక తేరుకోకుండా మొక్క మొత్తం వాడిపోతుంది. శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులులో కింది ఆకులు ముందు పసుపు పచ్చబడతాయి, తరచూ ఒక పక్కనే. మొదలు దగ్గర తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి ఉండలు కనబడితే అది మరో తెగులు. అనుమానం ఉంటే వాడిన మొక్క మొదలు నుంచి అంగుళం రెండంగుళాల కాండం ముక్క కోసి, గాజు గ్లాసులో తేట నీటికి తాకేలా కదపకుండా వేలాడదీయండి. కోసిన చోటు నుంచి పాల ధారలాగా తెల్లటి తీగలు కొన్ని నిమిషాల్లోనే కిందికి దిగితే అది బ్యాక్టీరియాయే. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా మందుల దుకాణానికి వెళ్లొద్దు.

ఇది ఎలా పాకుతుంది

దీన్ని కలిగించేది రాల్‌స్టోనియా అనే నేల బ్యాక్టీరియా. వేళ్లకు తగిలిన గాయాల గుండా, పిల్లవేళ్లు పొడుచుకొచ్చే చోట ఏర్పడే సందుల గుండా లోపలికి వెళ్తుంది. నీటిని పైకి మోసే నాళాల్లో చేరి, పెరుగుతూ జిగురు లాంటి పదార్థాన్ని వదులుతుంది. నాళాలు పూడుకుపోయి నీరు పైకి ఎక్కదు. నేల తడిగా ఉన్నా మొక్క దాహంతో చచ్చిపోతుంది. వాడుతున్న మొక్కకు ఇంకో తడి పెట్టడం చాలామంది చేసే పని. ఆ నీరే పక్క మొక్కకు తెగులును మోస్తుంది.

వాడిన మొక్క వేళ్ల నుంచి లెక్కలేనంత బ్యాక్టీరియా మట్టిలోకి దిగుతుంది. అక్కడి నుంచి దాని ప్రయాణం గాలిలో కాదు, నీటిలోనూ మట్టిలోనూ. బోదెల మధ్య కాలువలో పారే నీరు సాలు పొడవునా దాన్ని తీసుకెళ్తుంది. పై చేను వాన నీరు కింది చేలోకి దిగితే తెగులూ దిగుతుంది. రోటవేటర్ పళ్లకు, గుంటకకు, చెప్పులకు అంటిన తడి మట్టి ఇంకో చేలోకి తీసుకెళ్తుంది. కలుపు తీసేటప్పుడు తెగిన వేళ్లు దానికి తలుపు తెరుస్తాయి. పక్క కొమ్మలు తీసే కత్తి కూడా మోస్తుంది. కొత్త చేలోకి తెగులు రావడానికి పెద్ద దారి నారు: తెగులున్న మట్టిలో పోసిన నారుమడి మొక్కలు నాటే రోజు ఆరోగ్యంగానే కనిపిస్తాయి, వేడీ తేమా పెరిగాక పడిపోతాయి. ఆలుగడ్డ, అల్లం పంటల్లో విత్తన దుంపే దాన్ని మోసుకొస్తుంది. టమాటాలో విత్తనం కన్నా నారు, నీరు, మట్టి మీదే కన్ను ఉండాలి.

నేల వేడి 30 డిగ్రీల పైన, తేమ నిండుగా ఉన్నప్పుడు విజృంభిస్తుంది. అందుకే ఎండలు తగ్గకముందే తొలకరి వానలు పడిన చేలో ఒక్కసారిగా గుంపులు గుంపులుగా మొక్కలు పోతాయి. టమాటాతో పాటు వంగ, మిర్చి, ఆలు, అల్లం, పొగాకు, వేరుశనగ సహా 200కు పైగా మొక్కలకు ఇది సోకగలదు. గట్ల మీద కామంచి, ఉమ్మెత్త లాంటివి పైకి ఏ లక్షణమూ చూపకుండానే దీన్ని దాచుకోగలవు.

ఇంటర్నెట్‌లో వెతికితే బ్యాక్టీరియా విల్ట్‌కు పెంకు పురుగులను చంపమనే సలహా కనిపిస్తుంది. అది ఉత్తర అమెరికాలో దోస జాతి పంటలకు వచ్చే వేరే బ్యాక్టీరియా తెగులు, దాన్ని మోసేది దోస పెంకు పురుగు. మన టమాటాకు ఆ సలహా పనికిరాదు.

పంట మార్పు: చవక, కానీ మాటంత తేలిక కాదు

నీటి వసతి ఉండి వరి పెట్టగలిగితే ఇదే మొదటి దారి. నిలువ నీటిలో గాలి అందని నేలలో ఈ బ్యాక్టీరియా సంఖ్య బాగా పడిపోతుంది. వరి తర్వాత వేసిన టమాటాలో తెగులు తగ్గడం దక్షిణాసియాలోనూ ఆగ్నేయాసియాలోనూ రైతులకు అనుభవమే. వరి వీలుకాని మదనపల్లె, పలమనేరు వైపు మెట్ట భూముల్లో మొక్కజొన్న, జొన్న, రాగి వేసుకోవచ్చు. తెగులు తక్కువగా ఉంటే కనీసం రెండు పంటకాలాలు, సగం మొక్కలు పోయిన చేనైతే రెండు మూడేళ్లు టమాటా జాతిని దూరం పెట్టాలి.

ఇది తప్పిపోయేది ఎక్కడంటే, టమాటా తర్వాత వంగ వేసి పంట మార్చామనుకోవడం దగ్గర. మిర్చి, ఆలు కూడా అంతే, బ్యాక్టీరియాకు అది మార్పే కాదు. వేరుశనగకూ ఇది సోకగలదు కాబట్టి, తెగులు పడిన చేలో దాన్ని మార్పు పంటగా లెక్కపెట్టకపోవడమే మంచిది. రెండో తప్పు కలుపు. మొక్కజొన్న చేలో కామంచి పెరగనిస్తే బ్యాక్టీరియాకు ఆ రెండేళ్లూ తిండి దొరికినట్టే. మూడోది నీరు: మీరు పంట మార్చినా, పై చేలో టమాటా వాడుతూ ఆ నీరు మీ కాలువలోకి వస్తుంటే మళ్లీ మొదటికే. గట్టు ఎత్తు చేసి నీటిని పక్కకు మళ్లించాకే మార్పు పంటకు అర్థం ఉంటుంది.

ఉన్నది ఎకరా రెండెకరాలు, కుటుంబం టమాటా మీదే బతుకుతోంది అన్నప్పుడు రెండేళ్లు మానమనడం చెప్పినంత సులువు కాదు. ఆ రైతు కోసమే మిగతా రెండు దారులు.

తట్టుకునే రకం: ముందు వంద మొక్కలు పరీక్షించండి

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్, అర్క సామ్రాట్ హైబ్రిడ్‌లు ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ముందుగా వచ్చే ఆకుమచ్చ తెగులు ఈ మూడింటినీ తట్టుకుంటాయి. అర్క రక్షక్ కాయ 90 నుంచి 100 గ్రాములుంటుంది. వంగలో అర్క కేశవ్, అర్క నిధి, అర్క నీలకంఠ్ ఈ తెగులును తట్టుకుంటాయి. ఆమ్ల నేలలున్న కేరళలో ఇది పెద్ద సమస్య కాబట్టి అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం శక్తి, ముక్తి, అనఘ అనే టమాటా రకాలు తెచ్చింది. అవి అక్కడి వాతావరణానికీ అక్కడి మార్కెట్‌కూ ఎంచినవి.

లాభం తేటగా ఉంది: విత్తనం ఖర్చు తప్ప అదనపు పని లేదు. చిక్కు ఏమిటంటే తట్టుకునే శక్తి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఈ బ్యాక్టీరియాలో తెగలు చాలా ఉన్నాయి. ఒక జిల్లాలో నిలబడిన రకం ఇంకో జిల్లాలో పడిపోవచ్చు. నేల బాగా వేడెక్కినా, వేరు బుడిపె నులిపురుగులు వేళ్లను గాయపరిచినా ఆ శక్తి తగ్గుతుంది. పాత పంట వేళ్లు పీకి చూడండి. బుడిపెలు కనిపిస్తే రకం మీద ఒక్కదాని మీదే భరోసా పెట్టొద్దు. కొత్త రకాన్ని ఎకరమంతా వేసే ముందు, పోయినసారి ఎక్కువ మొక్కలు చచ్చిన చోటే ఒక వంద మొక్కలు నాటి చూడడం మేలు.

అంటు నారు: ఖరీదు ఎక్కువ, గెలుపు కూడా ఎక్కువే

ఎండు తెగులును తట్టుకునే వంగ వేరు మీద, మార్కెట్‌లో అమ్ముడుపోయే మీ రకం టమాటా పైభాగాన్ని అతికించడమే ఇందులో పని. తైవాన్ కేంద్రంగా ఉన్న ప్రపంచ కూరగాయల కేంద్రం ఈజీ 203 లాంటి వంగ లైన్లను ఇందుకు సూచిస్తుంది. వంగ వేరుకు ఇంకో గుణం ఉంది: నీరు నిలిచినా టమాటా వేరు కన్నా ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. ఉస్తికాయ మొక్కనూ వేరుగా వాడతారు, కానీ దాని విత్తనం మొలవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ముందే వేసుకోవాలి.

వంగ టమాటా కన్నా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కొన్ని రోజులు ముందుగా విత్తి, రెండింటి కాండాలూ సుమారు 2 మిల్లీమీటర్ల మందం, రెండు మూడు ఆకులు వచ్చాక అంటు కడతారు. కొత్త బ్లేడుతో రెండింటినీ ఒకే వాలులో కోసి, కోతలు ఆరకముందే క్లిప్పుతో బిగించాలి. తర్వాతి వారమే పరీక్ష: 25 నుంచి 30 డిగ్రీల వేడి, 85 శాతం పైన తేమ, నీడ. తేమ తగ్గితే పైభాగం వాడిపోతుంది, నీటి బొట్లు అంటు మీద నిలిస్తే కుళ్లిపోతుంది. అతుక్కున్నాక కొద్దికొద్దిగా వెలుగుకు అలవాటు చేయాలి. ఇదంతా ఇంటి వెనుక చేసే పని కాదు, నమ్మకమైన నర్సరీ నుంచి కొనడమే నయం. కొనేటప్పుడు వేరు ఏ రకమో అడగండి. చెప్పలేని నర్సరీ దగ్గర కొనొద్దు.

ఇక్కడ లెక్క వేసుకోవాలి. నాలుగు అడుగుల సాళ్లు, అడుగున్నర దూరంలో నాటితే ఎకరాకు 7,260 మొక్కలు. అంటు మొక్క మామూలు నారు కన్నా ఎన్ని రూపాయలు ఎక్కువో అన్ని 7,260లు అదనం. దూరం రెండు అడుగులకు పెంచితే 5,445 సరిపోతాయి. అంటు మొక్కలు బలంగా పెరుగుతాయి కాబట్టి ఈ దూరం వాటికి ఇబ్బంది కాదు. పోయిన పంటలో వందకు అయిదారు మొక్కలే పోతే ఈ ఖర్చు గిట్టదు. ముప్పై నలభై పోతుంటే పెట్టుబడి, కూలి, కర్రలు, తీగలు అన్నీ ఆ మొక్కలతో పాటే పోతున్నట్టు లెక్క. అప్పుడు అంటు నారే చవక.

మంచి అంటు నారు తెచ్చి కూడా నష్టపోయేది నాటడంలో. టమాటాను లోతుగా నాటి, తర్వాత మన్ను ఎగదోయడం మనకు అలవాటు. అంటు మొక్కకు అదే ప్రాణాంతకం. అతుకు మట్టిలో పడితే టమాటా కాండం నుంచే వేళ్లు దిగి, వంగ వేరు ఇచ్చే రక్షణ మొత్తం వృథా అవుతుంది. అతుకు నేలకు పైన కనబడుతూనే ఉండాలి, మన్ను ఎగదోయకూడదు, మొదటి నుంచే కర్రలు పాతాలి. మొక్క నేలకు వాలితే తాకిన చోట వేళ్లు వేస్తుంది. అతుకు కింద నుంచి వచ్చే వంగ పిలకలను గిల్లేస్తుండాలి. ఇంకో మాట: తట్టుకునే వేరులోనూ కొంత బ్యాక్టీరియా కనబడకుండా ఉండొచ్చు, అందుకే కత్తిని మొక్క మొక్కకూ స్పిరిట్‌తో తుడవాలి.

నేలకు మందు: ఆశ ఎక్కువ, అందేది తక్కువ

బ్లీచింగ్ పౌడర్ హెక్టారుకు 12 నుంచి 15 కిలోలు, అంటే ఎకరాకు సుమారు 5 నుంచి 6 కిలోలు వాడమంటారు. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టే దాదాపు 900 టన్నులు. చేనంతా చల్లితే ఆ క్లోరిన్ ముందు మట్టిలోని సేంద్రియ పదార్థంతోనే ఖర్చయిపోతుంది, లోతులో ఉన్న బ్యాక్టీరియాకు తాకదు. చచ్చిన మొక్క పీకిన గుంతలో వేయడానికి అది బాగా పనికొస్తుంది. యాంటీబయాటిక్ పిచికారీ నాళాల్లో నిండిన బ్యాక్టీరియాను నయం చేయదు, మనుషుల మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచే ముప్పు కూడా తెస్తుంది. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం శిలీంధ్ర తెగుళ్లకు మంచిది, దీనికి అది మందు కాదు. సూడోమోనాస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా వేళ్ల చుట్టూ చోటు పట్టుకుని కొంత సాయపడుతుంది: లీటరు నీటికి 10 గ్రాములు కలిపి నారు వేళ్లను అరగంట ముంచి నాటవచ్చు. బ్లీచింగ్ వేసిన చోట వెంటనే ఇది వేస్తే ఇదీ చచ్చిపోతుంది.

పంట నిలబడి ఉండగా తెగులు కనబడితే చేయగలిగింది పాకకుండా ఆపడమే. వాడిన మొక్కను వేళ్లతో, మట్టితో సహా సంచిలోకి తీసి చేను బయట కాల్చండి. కాలువలోనో పెంటకుప్పలోనో వేయొద్దు. ఆ సాలులో పారే నీటిని ఆపండి. పని ఆరోగ్యంగా ఉన్న వైపు మొదలుపెట్టి తెగులు వైపు ముగించండి. డ్రిప్ ఉన్న చేలో ఈ తెగులు చుట్టుపక్కల కొన్ని మొక్కలతో ఆగొచ్చు, కాలువ పారకంలో సాలంతా పోతుంది. అందుకే నా మాట ఇది: అంటు నారుకు డబ్బు పెట్టేముందు డ్రిప్, మల్చింగ్‌కు (మట్టి మీద కప్పే పొరకు) పెట్టండి. రెండూ పెట్టగలిగితే మొదటి పంటకే తేడా కనబడుతుంది.