హన్మకొండ, కాజీపేట వాళ్లు జాగ్రత్త: బతికున్న ఆల్చిప్పలని చెప్పి చచ్చినవి అంటగట్టారు

నిన్న రాత్రి జరిగింది ఇది. ఇంకా కోపం తగ్గలేదు, నిద్ర కూడా పట్టలేదు. అక్షర దోషాలు ఉంటే సర్దుకుని చదవండి. కానీ ఈ ఆదివారం ఆర్డర్ పెట్టే ముందు మాత్రం తప్పకుండా చదవండి.

చేపలు, రొయ్యలు అమ్మే ఏ వాట్సాప్ గ్రూపు గురించి రాస్తున్నానో మీలో చాలామందికి చెప్పకుండానే తెలుస్తుంది. నక్కలగుట్ట, బాలసముద్రం, సుబేదారి, కాజీపేట, ఎక్కడ ఏ అపార్ట్‌మెంట్లో చూసినా ఇద్దరు ముగ్గురు అందులో ఉంటారు. ఆదివారం లిస్టు పెడతారు, డబ్బులు మొత్తం ముందే యూపీఐ చేయాలి, వారం మధ్యలో థర్మాకోల్ బాక్సు ఇంటికి వస్తుంది. ఏడాదిగా వాళ్ల దగ్గర తీసుకుంటున్నాను. కొర్రమీను బాగానే వచ్చేది. రొయ్యలు ఒకటి రెండుసార్లు తూకం తగ్గినా గొడవ చేయలేదు. అందుకే నమ్మాను.

మా చెల్లెలికి ఐదో నెల. శ్రీమంతం ఎప్పుడు, ఎక్కడ అని మాట్లాడుకోవడానికి బావగారు, వాళ్ల అమ్మానాన్న కాకినాడ నుంచి వచ్చారు. ఆ పెద్దవాళ్లు మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి. అమ్మ మటన్, బగారా అన్నం అని ముందే అనుకుంది. వంటిల్లు నాకు ఇష్టం కాబట్టి, భోజనానికి ముందు ఒక్క ప్లేటు మాత్రం నేను చేస్తానన్నాను. సముద్రం పక్కన పుట్టి పెరిగిన వాళ్లకు, సముద్రం లేని మా ఊళ్లో, పెంకుతో సహా వడ్డించే ఆల్చిప్పలు పెట్టాలని నా ఆశ. ఆకుపచ్చ అంచు ఉండే నల్లటి ఆల్చిప్పలు, లిస్టులో మసెల్స్ అని రాస్తారు చూడండి, అవి.

ఇది నాకు కొత్త వంట కాదు. పెళ్లికి ముందు రెండేళ్లు కేరళలోని కోజికోడ్‌లో ఉద్యోగం చేశాను. అక్కడ వీటిని కల్లుమ్మక్కాయ అంటారు. బియ్యప్పిండి, కొబ్బరి కలిపి పెంకులోనే కూరి, ఆవిరి మీద ఉడికించి, తర్వాత మసాలా పట్టించి వేయించే అరిక్కడుక్క సాయంత్రం పూట వీధి కొట్లలో దొరికేది. మా ఇంటి ఓనరమ్మ దగ్గరే వీటిని కడగడం, ఏరడం నేర్చుకున్నాను. బతికున్న ఆల్చిప్ప పెంకు మూసుకుని ఉంటుంది. కొద్దిగా తెరుచుకుని ఉన్నా, వేలితోనో ఇంకో పెంకుతోనో తడితే మెల్లగా మూసుకుంటుంది. మూసుకోకపోతే చచ్చినట్టే, పారేయాలి. ఆవిడ ఒక్కో ఆల్చిప్పను చెవి దగ్గర పెట్టుకున్నంత శ్రద్ధగా చూసేది. బ్రష్‌తో రుద్ది, పక్కన వేలాడే పీచును పొయ్యి మీదికి ఎక్కించే ముందే లాగేది. అంతకుముందే లాగితే త్వరగా చస్తాయట.

నేను అనుకున్న వంట ఇది. వెడల్పు మూకుడు బాగా కాలాక వెన్న, దంచిన వెల్లుల్లి, చీరిన పచ్చిమిర్చి వేసి, ఆల్చిప్పలు పోసి మూత పెడితే నాలుగైదు నిమిషాల్లో అన్నీ నోరు తెరుస్తాయి. అప్పటికీ తెరుచుకోనివి పక్కన పడేయాలి. పై పెంకు తీసేసి, కింది పెంకులో మాంసం ఉంచి, మూకుట్లో ఊరిన రసాన్ని వడకట్టి చిక్కటి కొబ్బరిపాలతో మరగబెట్టి, ఒక్కో పెంకులో చెంచాడు పోయాలి. పైన సన్నగా తరిగిన కొత్తిమీర, రెండు చుక్కల నిమ్మరసం. పెంకులు ఒరిగిపోకుండా కింద రాళ్ల ఉప్పు పరవాలి. మా పెళ్లికి వచ్చిన పెంబర్తి ఇత్తడి పళ్లెం ఇన్నేళ్లలో రెండుసార్లు కూడా బయటికి తీయలేదు, అందులో పెడదామనుకున్నాను. ఉప్పు, పులుపు తగిలితే ఇత్తడి చిలుము పడుతుందని అమ్మ అడుగున అరటాకు పరిచి ఇచ్చింది. ఆ పళ్లెం అరటాకుతో, ఉప్పుతో సహా నిన్నటి నుంచి డైనింగ్ టేబుల్ మీద అట్లాగే ఉంది. తీయబుద్ధి కావట్లేదు.

రెండు కిలోల ఆల్చిప్పలు, ఒక కిలో టైగర్ రొయ్యలు, బాక్సు, డెలివరీ కలిపి 2,900 రూపాయలు కట్టాను. కట్టే ముందు ఫోన్ చేసి ఒక్కటే అడిగాను: "అన్నా, బతికున్నవేనా? గర్భిణి ఉంది ఇంట్లో, తేడా వస్తే వద్దు నాకు." అతను ఏమన్నాడో ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మా పిల్లలకు పెట్టేవే మీకు పంపుత సార్. టెన్షన్ తీస్కోకున్రి."

నిన్న పొద్దున పదింటికి బాక్సు వచ్చింది. మూత తీయగానే గుప్పుమని వాసన కొట్టింది. అడుగున ఐస్ కరిగి రెండు మూడు అంగుళాల నీళ్లు, అందులో ఆల్చిప్పలు మునిగి ఉన్నాయి. ఇవి ఉప్పునీటి జీవులు, మంచినీళ్లలో నానితే బతకవు. గాలి ఆడాలి, చల్లగా ఉండాలి, కరిగిన నీళ్లు కిందికి పోవాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఫోన్ చేసి అడిగాను. "అది సముద్రం వాసన సార్. నిన్న పొద్దున పట్టినవి, పట్టంగనే రైలెక్కించినం. తడి గుడ్డ కప్పి ఫ్రిజ్‌ల పెట్టున్రి, సాయంత్రానికి మంచిగైతయి" అన్నాడు.

బాక్సు తెచ్చిన అబ్బాయి అప్పటికి ఇంకా గేటు దగ్గరే బండి స్టార్ట్ చేస్తున్నాడు. ఒక్క కేక వేసి వెనక్కి తీసుకెళ్లమంటే అయిపోయేది. వెయ్యలేదు. నిన్నటి నుంచి నన్ను తినేస్తున్నది ఈ ఒక్క తప్పే. సముద్రం వాసన ఎట్లా ఉంటుందో రెండేళ్లు పీల్చినవాడిని. అది సముద్రం వాసన కాదని ముక్కు చెప్తూనే ఉంది. ఇవి కేరళ నుంచి ఇక్కడికి రావడానికి రైలుకే దగ్గర దగ్గర ఒక రోజు పడుతుందని, నిన్న పొద్దున పట్టినవి ఈ పొద్దున మా గేటు దగ్గర ఎట్లా ఉంటాయని ఆలోచించాల్సింది నేనే. ఇంటికి చుట్టాలు వచ్చి ఉన్నారు, ప్లేటు ఖాళీగా ఉండకూడదు అన్న తొందరలో నా ముక్కును కాదని అతని మాటను నమ్మాను.

సాయంత్రం ఐదింటికి సింకు దగ్గర నిలబడి ఒక్కొక్కటీ తట్టడం మొదలుపెట్టాను. మొదటి పది తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. ఇరవై. ముప్పై. రెండు కిలోల్లో మూసుకున్నవి పద్నాలుగంటే పద్నాలుగు. బావగారు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి, ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి మెల్లగా పెట్టేశారు. "బావగారూ, ఇవి వద్దులెండి. ఆ పద్నాలుగు కూడా వద్దు, అన్నీ ఒకే నీళ్లలో ఉన్నాయి కదా" అన్నారు. అంత మర్యాదగా చెప్పినందుకు నాకు ఇంకా సిగ్గేసింది.

అప్పుడు అమ్మినతనికి ఫోన్ చేశాను. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్‌లో పెట్టాను. హాల్లో అందరూ కూర్చుని ఉన్నారు.

"అన్నా, పద్నాలుగు తప్ప అన్నీ చచ్చిపోయి ఉన్నాయి."

"నల్లా నీళ్లల్ల వేసిన్రా?"

"వేయలేదన్నా. మీరు చెప్పినట్టే తడి గుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టాను."

"ఫ్రిజ్‌ల పెడితే చావయా మరి? సార్, సముద్రం మొఖం చూడనోళ్లకు ఇవన్ని ఎందుకు సార్? తినుడు తెల్వకపోతే మటన్ తెచ్చుకోవాలె గని మా పానం తీసుడేంది?"

మా చెల్లెలి మామగారు కాకినాడలో సముద్రం గాలి పీల్చుతూ డెబ్బై ఏళ్లు బతికిన మనిషి. ఆయన తల దించుకున్నారు. నన్ను ఎంత మాటన్నా పడేవాడినేమో. కానీ నేను "ఇంట్లో గర్భిణి ఉందని ముందే చెప్పాను కదన్నా, తిని ఉంటే ఏమయ్యేది" అన్నప్పుడు అతను ఇచ్చిన జవాబు మాత్రం మర్చిపోలేను.

"తినలే కద సార్? తిన్నంక ఏమన్న అయితే అప్పుడు చెప్పున్రి."

ఫోన్ పెట్టేశాడు. చెల్లెలు లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయింది. అమ్మ పళ్లెం దగ్గర నిలబడి చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఐదు నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు. పై ఫ్లోర్ వాళ్లు నాకు స్క్రీన్‌షాట్ చూపించారు. డబ్బులు వెనక్కి గుంజడానికి కొందరు అబద్ధపు కంప్లైంట్లు చేస్తున్నారని, అట్లాంటి వాళ్లకు ఇక సరుకు ఇవ్వమని గ్రూపులో పెట్టాడు. ఏడాది పాటు ఒక్క రూపాయి బాకీ పెట్టని కస్టమర్ గురించి రాసిన మాట అది.

రాత్రి బాక్సు పారేద్దామని పైనున్న టేపు పీకాను. కింద ఇంకో పాత టేపు ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాసి ఉంది. పోయిన శనివారం. అంటే ఆదివారం లిస్టు పెట్టకముందే, నేను ఆర్డర్ ఇవ్వకముందే, ఆ బాక్సు ప్యాక్ అయి ఎక్కడో పడి ఉంది. నాకు వచ్చింది గురువారం. ఐదు రోజులు. మళ్లీ కొత్త ఐస్ వేసి, కొత్త టేపు అతికించి, పిల్లలకు పెట్టేవే పంపుతున్నానని చెప్పాడు.

వండితే అన్నీ చచ్చిపోతాయి కదా, ఏమవుతుంది అని అనుకునేవాళ్లు దయచేసి అట్లా అనుకోకండి. ఇవి నీళ్లను వడకట్టుకుని తినే జీవులు, ఆ నీళ్లలో ఏముంటే అది వీటి ఒంట్లో చేరుతుంది. చచ్చాక చాలా త్వరగా పాడవుతాయి. మరిగిస్తే బ్యాక్టీరియా చావొచ్చు గానీ కొన్ని రకాల విషాలు ఎంత ఉడికించినా పోవు. గర్భిణులకు, ముసలివాళ్లకు, చిన్నపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు పోయి ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వస్తుంది. మా ఇంట్లో నిన్న ఐదో నెల గర్భిణి, డెబ్బై దాటిన ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు. బావగారు ఆ ఒక్క మాట అనకపోతే, ఆ పద్నాలుగైనా వండుదామని నేను అనుకుంటున్నాను అప్పుడు. ఇది రాస్తుంటే గుండె దడగా ఉంది.

రొయ్యల గురించి ఎక్కువ రాయను. కిలో అన్నారు, మీద మందంగా పట్టిన ఐస్ కరిగాక తూకం వేస్తే 680 గ్రాములు. తలలు నల్లబడి, ముట్టుకుంటే ఊడిపోతున్నాయి. అవి కూడా పారేశాం. చివరికి అమ్మ బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి సర్వపిండి చేసింది. అందరూ తిన్నారు, బాగుందన్నారు. మా చెల్లెలి అత్తగారు ఎట్లా చేయాలో అడిగి రాసుకున్నారు కూడా. శ్రీమంతం తేదీ మాత్రం మాట్లాడుకోలేదు. ఆ మాట ఎత్తే వాతావరణం ఇంట్లో లేకుండా పోయింది.

నేను చేయనిది మీరు చేయండి. బాక్సు తెచ్చిన మనిషి ఉండగానే మూత తీయండి, తీసేటప్పుడు వీడియో తీయండి. పాత టేపు, తేదీ ఉన్నాయేమో చూడండి. ఆల్చిప్పలైతే అక్కడే ఓ పదింటిని తట్టి చూడండి. పీతలైతే కాళ్లు కదలాలి. ఐస్ పట్టిన రొయ్యలైతే కరిగాక తూకం వేయండి. డబ్బులు మొత్తం ముందే ఇవ్వకండి. తినే సరుకు అమ్మేవాళ్లను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు అడగండి, 14 అంకెలు ఉంటుంది. నేను అడిగింది నిన్న రాత్రి, గ్రూపులోంచి తీసేశాక. ఇక ఎవరు చెప్తారు?

ఈ పొద్దున వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి వివరాలన్నీ చెప్పాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. ఐదు లక్షల లోపు కొన్న సరుకుకు అక్కడ ఫీజు కూడా ఉండదు. 2,900 కోసం ఇంత అవసరమా అని మా ఆవిడ అడిగింది. డబ్బులు రాకపోయినా పర్వాలేదు. "తిన్నంక చెప్పున్రి" అన్న మాటకు అతను ఎక్కడో ఒకచోట జవాబు చెప్పాలి.

బాక్సు, రెండు టేపులు, యూపీఐ రసీదు, ఫోటోలు జాగ్రత్తగా పెట్టాను. గురువారం ఇదే లాట్ ఇంకా కొందరికి వచ్చి ఉంటుంది. మీ ఫ్రిజ్‌లో ఉంటే వండకండి, పిల్లులకు కూడా వేయకండి. పైటేపు పీకి కింద తేదీ ఏముందో చూసి, ఫోటో తీసి నాకు పంపండి.