కార్టూన్‌లో చెరువు నీళ్లు: సిమ్యులేషనా, షేడరా, చేత్తో గీయడమా?

ఓ చిన్నపిల్ల బతుకమ్మను చెరువులో వదులుతుంది. ఇంట్లో బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసుకుంటున్న నా మూడు నిమిషాల కార్టూన్‌లో ఆఖరి సీను ఇది. చెరువు మా నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఉదయసముద్రం. పిల్ల, పూలు, కట్ట అన్నీ చేత్తో గీసిన బొమ్మల్లా కుదిరాయి. నీళ్ల దగ్గరే పని ఆగింది. సిమ్యులేషన్ (నీటి కదలికను కంప్యూటర్‌తో లెక్కగట్టించడం), షేడర్ (నీటి పైభాగానికి రంగులు, వెలుగు సూత్రాలతో తెప్పించడం), చేత్తో గీయడం: మూడు పద్ధతులూ చేసి చూశాను. షాట్‌లో చూసేవాళ్ల చూపు ఎక్కడ నిలుస్తుందో ముందు తేల్చుకుంటే, పద్ధతి ఎంచుకోవడం తేలికైంది.

ముందు సిమ్యులేషన్ సంగతి. బ్లెండర్‌లో నీళ్ల కదలికను లెక్కగట్టే మాంటాఫ్లో 2020లో, 2.82 వెర్షన్‌తో వచ్చింది. మత్తడి దుంకే షాట్‌కు దాన్ని వాడాను. నీళ్లు అచ్చం నిజం నీళ్లలాగే పడ్డాయి. కార్టూన్‌లా చదునుగా ఉండే టూన్ రంగులు వేసి అంచులకు నల్లగీత పెట్టగానే అంతా చెడింది. ప్రతి ఫ్రేముకీ నీటి ఆకారం కొత్తగా తయారవుతుంది కాబట్టి గీత నిలకడగా ఉండదు, వణుకుతుంది. ఎగిరిన ప్రతి చుక్క చుట్టూ గీత పడి, నీళ్ల మీద మిరియాలు చల్లినట్టు కనిపించింది. చిన్న చుక్కల్ని తీసేసి, మెష్‌ను, అంటే నీటి ఆకారపు వలను, నునుపు చేస్తే కొంత నయం. ఇంకాస్త వివరం కావాలని రిజల్యూషన్ రెట్టింపు చేశామా, లెక్క కోసం చోటును విడగొట్టే గడులు ఎనిమిది రెట్లవుతాయి. రాత్రి బేక్ (లెక్కంతా ముందే చేయించి దాచుకోవడం) పెట్టి పడుకుంటే తెల్లారినా కాలేదు. 2007లో బర్కిలీ పరిశోధకులు సిమ్యులేషన్ నీళ్లను లావు గీతలు, కొద్దిపాటి రంగులతో కార్టూన్‌లా చూపించారు. అంటే కుదరని పనేం కాదు. ఒక్కడే కూర్చుని చేసుకునేవాడికి మాత్రం గిట్టుబాటు కాదు.

షేడర్ దారి చాలా చవక. స్టీవెన్ వోర్లీ 1996లో ప్రచురించిన సెల్యులర్ నాయిస్ (గడులు గడులుగా, క్రమం లేకుండా ఉండే నమూనా) లాంటిదే బ్లెండర్‌లోని వోరోనాయ్ టెక్స్చర్. అందులో గడుల అంచుల్ని మాత్రం తీసుకుంటే, ఎండలో నీటి మీద కదిలే వల లాంటి వెలుగుగీతలు వస్తాయి. ఆ నమూనాకు రంగులు పంచే కలర్ ర్యాంప్‌ను కాన్‌స్టంట్‌లో పెడితే రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా నిలుస్తాయి. నాకు మూడు రంగులు సరిపోయాయి. ఒకే టెక్స్చర్‌ను ఒకే వైపు జరిపితే మాత్రం చాప లాగుతున్నట్టు ఉంటుంది. రెండు పొరలు పెట్టి, వేర్వేరు వేగాల్లో, కొంచెం ఏటవాలుగా జరపాలి. ఇంకో ముఖ్యమైన పని: పిల్ల బొమ్మ సెకనుకు 12 సార్లు మారుతుంటే నీళ్లు 24 సార్లు మారకూడదు. నీళ్లనూ రెండు ఫ్రేములకోసారే కదిలించండి. ఈ ఒక్క మార్పుతో నా నీళ్లు కంప్యూటర్ నీళ్లలా కనబడటం చాలావరకు పోయింది. ఇదే నాయిస్‌ను నిలువుగా సాగదీసి కిందికి జరిపితే, సాగర్‌లో 26 గేట్లు ఎత్తినప్పటి దూరపు షాట్‌కు కూడా పనికొస్తుంది.

షేడర్ తేలిపోయేది నీళ్లు దేన్నైనా తాకే చోట. గేమ్ ఇంజన్లలో లోతు తేడా చూసి ఒడ్డు వెంట నురుగు గీత తెప్పించవచ్చు. కానీ ఆ గీతకు పిల్ల బతుకమ్మను మెల్లగా తోసిందో, గబుక్కున వదిలేసిందో తెలియదు.

అందుకే తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గుప్పెడు తంగేడు పూలు పేర్చి, నిజంగానే చెరువుకు వెళ్లి వదిలి ఫోన్లో వీడియో తీశాను. తోసిన వైపు అలలు ఒకదాని మీదొకటి ఒత్తుకున్నాయి. వెనక నీళ్లు కాసేపు అద్దంలా సాపుగా అయ్యాయి. వేళ్లు తీసిన చోట ఒక చిన్న వలయం, అదీ సగమే. ఆ సగం వలయం గీశాకే నా సీనుకు ప్రాణం వచ్చింది.

బ్లెండర్‌లో చేత్తో గీసుకునే పనిముట్టు గ్రీజ్ పెన్సిల్‌తో ఆ వలయానికి ఎనిమిది బొమ్మలు వేశాను. మొదటిది నిండుగా, మన వైపు గీత లావుగా. మూడో బొమ్మలో రెండు చోట్ల తెగుతుంది. ఐదో దాంట్లో విడి వంపులే. ఎనిమిదిలో ఏమీ ఉండదు. రెండేసి ఫ్రేములు నిలిపితే మొత్తం 16 ఫ్రేములు, సెకనులో మూడింట రెండు వంతులు. చెరువంతా ఇలా గీయాలంటే పది సెకన్లకే 120 బొమ్మలు కావాలి. అందుకే చేతిపని పిల్ల చేతి చుట్టూ జానెడు మేరకే.

ఇప్పుడు దూరపు చెరువంతా షేడర్, బతుకమ్మ చుట్టూ చేతిగీతలు. వేసిన సిమ్యులేషన్‌నూ పారేయలేదు. మత్తడి షాట్ కింద దాన్ని మసకగా పెట్టుకుని, రెండు ఫ్రేములకో బొమ్మ చొప్పున పైనుంచి దిద్దుతున్నాను. అది చూపించే యాభై చుక్కల్లో నేను గీసేవి నాలుగు.