హార్మోనియం పట్టిచ్చిన తేడా: ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎల్‌పీ కొనేవాళ్లకు

అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు కొనాలా వద్దా అంటే నా జవాబు ఒకటే, కొనండి. జాజ్ ఎన్నడూ విననివాళ్లైనా కొనండి. కాకపోతే ఎప్పటి ప్రెస్సింగో, అంటే ఎప్పుడు అచ్చొత్తిన కాపీయో చూసుకొని కొనండి. ఈ సంగతి నాకు మా చిన్నాయన హార్మోనియం చెప్పింది.

మాది మిర్యాలగూడ. నాయినకు మైక్ సెట్ షాపు ఉండేది. పెళ్లిళ్లకూ బోనాలకూ చుట్టుపక్కల ఊళ్లకు పోయి, వేపచెట్టుకు హారన్లు కట్టి రికార్డులు వేసేవాడు. మొదట దేవుడి పాట, ఆ తర్వాతే సినిమా పాట. క్యాసెట్లు వచ్చాక ఆ ప్లేయర్ అటకెక్కింది. ఆయన పోయిన మూడేళ్లకు దాన్ని దించి చూస్తే, మోటారుకూ ప్లేటుకూ మధ్య తిరిగే రబ్బరు చక్రం రాయిలా గట్టిపడి ఉంది. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర ఒక పాత రేడియో మెకానిక్ దానికి కొత్త రబ్బరు వేసి, ముల్లు మార్చి ఇచ్చాడు. నాయిన చేతిలో తిరిగిన మిషన్ మళ్లీ తిరుగుతుంటే ఆ రోజు అన్నం కూడా సహించలేదు.

నేను రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. పొద్దంతా మిల్లు మోతే. రాత్రి పది దాటి లారీలు తగ్గాకే రికార్డు పెట్టుకుంటాను. అంత మోత విన్న చెవికి ఇందులో ముందు నచ్చింది, ఎవరూ వాయించకుండా వదిలిన జాగా.

మొదటి ట్రాక్ ‘సో వాట్’. పియానో, బేస్ చీకట్లో తడుముకుంటున్నట్టు మొదలవుతాయి. తాళం ఇంకా పట్టదు. కాసేపటికి పాల్ ఛాంబర్స్ బేస్ ఒక మాట అంటుంది. దానికి రెండే దెబ్బల్లో జవాబొస్తుంది, మొదట పియానో నుంచి, తర్వాత ఊదే వాద్యాలు మూడూ కలిసి. భజనలో ఒకరు అంటే వెనక అందరూ అందుకున్నట్టే. కానీ ఇక్కడ ముందుండి అనేది బేస్, ఎప్పుడూ వెనకుండి బరువు మోసే వాద్యం. ఆపైన మైల్స్ ట్రంపెట్ సోలో అందుకునే చోట డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ సింబల్ అనే ఇత్తడి పళ్లెం మీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ మోగు ఒక్కసారిగా లేచి, మెల్లగా పలచబడుతూ పోతుంటే దాని కిందనుంచి ట్రంపెట్ నడిచొస్తుంది. ముల్లెత్తి ఆ చోటే మళ్లీ మళ్లీ పెట్టుకున్న రాత్రులున్నాయి. రికార్డు చేసిన న్యూయార్క్ 30వ వీధి స్టూడియో అంతకుముందు ఒక చర్చి. ఎత్తైన కప్పు. ఆ మోగు వింటే నాకు పానగల్లు గుడి మండపంలో తాళాలు మోగడం గుర్తొస్తుంది.

నా దగ్గర మొదట ఉన్నది మా మేనత్త కొడుకు అమెరికా నుంచి తెచ్చిన పాత కాపీ. ఒక శనివారం చిన్నాయన ఇంటికొచ్చినప్పుడు అదే పెట్టాను. రామాలయం భజనలో నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్న మనిషి. రెండు నిమిషాలు విని, “ఆగు బిడ్డా, ఇది ఖరహరప్రియ లెక్కున్నది” అన్నాడు. నిజమే. పాశ్చాత్యులు డోరియన్ అనే స్వరవరుస మన ఖరహరప్రియ రాగం స్వరాలే. రెండు శ్రుతిలో (ఇంగ్లీషులో D) షడ్జమం పెట్టుకొని అన్నీ తెల్లకట్టలే నొక్కుతూ పోతే అదే వస్తుంది. పాటకు మొత్తం ముప్పై రెండు బార్లు, అంటే మన ఆవర్తాల్లాంటివి. మొదటి పదహారూ ఆ వరుసలోనే. తర్వాతి ఎనిమిదింటికి వరుస మొత్తాన్నీ అర స్వరం పైకి జరిపి, చివరి ఎనిమిదింటికి మళ్లీ కిందికి దించుతారు. దండిగా స్వరాలు మార్చడం లేదు, ఉన్న ఏడింటినే తిప్పుకుంటూ కూర్చున్నారు. చిన్నాయనకు నచ్చింది అదే.

మరుసటి వారం హార్మోనియం ఎత్తుకొచ్చాడు. పాటతో కలపబోతే కలవలేదు. రికార్డు కాస్త పైన ఉంది, పక్క కట్టకు మాత్రం చేరడం లేదు. “నీ మిషన్ ఉరుకుతున్నది” అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది, కొత్త రబ్బరు తేడా చేసిందేమోనని. జిరాక్స్ షాపులో 180 గీతల చక్రం ఒకటి ప్రింట్ తీయించి ప్లేటు మీద పెట్టి, పాత చోక్ ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూశాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. నిమిషానికి ముప్పై మూడుంబావు చుట్ల కన్నా ఇంచుక ఎక్కువగా, సరిగ్గా ఎల్‌పీ తిరగాల్సిన వేగంలో తిరిగితే గీతలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. నిలబడ్డాయి. మా మిషన్ తప్పేం లేదు. రికార్డు తిప్పి రెండో పక్క పెడితే హార్మోనియంతో చక్కగా కలిసింది!

తప్పు 1959లో జరిగింది. మొదటి పక్కనున్న మూడు పాటలూ ఆ ఏడు మార్చి 2న రికార్డు చేశారు. ఆ రోజు అసలు టేపు మిషన్ కొంచెం నెమ్మదిగా నడిచింది. ఆ టేపును సరైన వేగంతో వినిపించేసరికి పాట ఉరికి, శ్రుతి లేచింది. రెండో పక్క ఏప్రిల్ 22న చేసింది, దానికి ఏ తేడా లేదు. మార్చి 2నే పక్కన ఇంకో మిషన్ మీద సరైన వేగంతో తీసిన టేపు ఉండబట్టి, 1992లో దాన్నుంచి సరిచేశారు. అప్పటిదాకా ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా మొదటి పక్కను హెచ్చు శ్రుతిలోనే విన్నది. అందుకే చెప్తున్నా, వేగం సరిచేసిన ప్రెస్సింగేనా అని అడిగి కొనండి. నేను తర్వాత కొన్న కొత్త కాపీ మూడు వేలు దాటింది. అంతకుముందు ఆన్‌లైన్లో తెప్పించుకున్నది అప్పడంలా వంగి వచ్చింది, వాపసు చేయడానికి నెల పట్టింది. రాగానే ప్లేటు మీద తిప్పి, ముల్లు ఎగిరెగిరి పడుతోందేమో చూసుకోండి.

మిగతా పాటల్లో ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’ నాకు అంత దగ్గర కాలేదు. అందులో పియానో మిగతా పాటల్లో వాయించిన బిల్ ఎవాన్స్ కాదు, వింటన్ కెల్లీ. హుషారుగానే ఉంటుంది గానీ చుట్టూ ఉన్న నిదానంలో అది వేరుగా తేలుతుంది. ‘బ్లూ ఇన్ గ్రీన్’ మాత్రం ఒంటరిగా వినండి. మైల్స్ ట్రంపెట్ మూతికి మోతను అణిచే మ్యూట్ బిగించి, ముల్లు రాపిడంత సన్నగా ఊదుతాడు. చివరి పాట ‘ఫ్లమెంకో స్కెచెస్’లో ఐదు స్వరవరుసలు అనుకొని, ఒక్కొక్కరు ఒక్కోదానిలో తమకు తృప్తి అయినంతసేపు ఉండి తర్వాతిదానికి పోతారు. మన ఆలాపన అలవాటున్న చెవికి ఇది ఎంత సుఖమో! శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్‌ట్రేన్ వంతు వచ్చినప్పుడు చిన్నాయన కళ్లు మూసుకున్నాడు.

ఇది నచ్చితే అదే ఏడు అదే స్టూడియోలో డేవ్ బ్రూబెక్ బృందం చేసిన ‘టైమ్ అవుట్’ తీసుకోండి. ‘టేక్ ఫైవ్’ ఐదు మాత్రల నడక, తకతకిట అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వినొచ్చు. రాక్ వినేవాళ్లు పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’లో ‘బ్రీద్’ పెట్టుకోండి. అందులో ఒక కార్డ్, అంటే కలిపి నొక్కే స్వరాల గుత్తి, ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విన్న చెవితోనే పుట్టిందని కీబోర్డ్ వాయించిన రిచర్డ్ రైట్ స్వయంగా చెప్పాడు.

కొత్త కాపీ వచ్చిన రోజు చిన్నాయనను పిలిచాను. హార్మోనియం తెరిచి, రెండు శ్రుతి పట్టి, బేస్ అన్నదానికి ఆ రెండు దెబ్బల జవాబు తనే వాయించాడు. ఈసారి కలిసింది. పాత కాపీ ఎవరికైనా ఇచ్చేస్తానంటే వద్దన్నాడు.