పన్నెండేళ్లుగా వింటున్న పాగనీని: అకార్దో, దూత్వా రికార్డింగులపై సమీక్ష

పన్నెండేళ్ల క్రితం కొన్న ఆరు సీడీల పెట్టె ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇటలీకి చెందిన పాతకాలపు వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త నికోలో పాగనీని రాసిన ఆరు వయొలిన్ కాన్చెర్టోలనూ (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందుండి నడిపే మూడు భాగాల రచనలు) ఇటలీ వయొలిన్ విద్వాంసుడు సాల్వతోరే అకార్దో, షార్ల్ దూత్వా నిర్వహణలో లండన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి, 1970ల నడిమి ఏళ్లలో డాయిష్ గ్రామఫోన్ సంస్థ కోసం వాయించిన రికార్డింగులు ఇవి. ఒంటి వయొలిన్‌కు రాసిన 24 కప్రీచోలు (చిన్న చిన్న రచనలు) కూడా ఇందులో ఉన్నాయి కాని, నేను ఇక్కడ ఆర్కెస్ట్రాతో కూడిన రచనల గురించే రాస్తున్నాను.

చిన్నప్పుడు ఏడేళ్లు కర్ణాటక పద్ధతిలో ఫిడేలు నేర్చుకున్న నాకు, మొదటి ఏడాది ఈ సంగీతం గారడీగానే వినిపించింది. కమానును తీగ మీద విసిరి బంతిలా ఎగిరించడం, వేలిని నొక్కకుండా తాకించి ఈలలాంటి స్వరాలను జంటగా పలికించడం వంటివన్నీ మొదటి కాన్చెర్టో మూడో భాగంలోనే దొరుకుతాయి కనుక, ఆ ఒక్క భాగమే మళ్లీ మళ్లీ పెట్టుకొని వచ్చినవారికల్లా వినిపించేవాణ్ని. ఏడాది తిరిగేసరికి ఆ మోజు తీరింది. పెట్టె బీరువా పైకి ఎక్కింది. దాన్ని మళ్లీ కిందికి దింపింది అదే కాన్చెర్టోలోని నెమ్మదైన రెండో భాగం.

ఆ భాగంలో అకార్దో చేసే పని చెప్పుకోదగ్గది. వయొలిన్ కింది తీగ మీద బరువైన గొంతుతో మొదలుపెట్టి, ఒక్కొక్క వాక్యాన్నీ ఊపిరి తీసుకొన్నట్లు ఆగి ఆగి పలుకుతాడు. కమాను దిశ మారిన చోటు ఎంత చెవి పెట్టి విన్నా పట్టుబడదు. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారేటప్పుడు ఆ జారును దాచడు, అలాగని సాగదీయడు. పాగనీని ఒపెరా (పాటలతో నడిచే నాటకం) స్వరకర్త రోస్సినీకి స్నేహితుడు, 1821లో రోములో రోస్సినీ ఒపెరా ఒకదాని తొలి ప్రదర్శనలకు స్వయంగా నిర్వహణ వహించినవాడు. ఆ సంగతి తెలిశాక ఈ భాగాన్ని వాద్యసంగీతంగా వినడం నావల్ల కాలేదు, వేదిక మీద ఒంటరిగా నిలబడిన గాయకుడే కనిపిస్తాడు. గారడీ అని నేను పక్కన పెట్టిన తక్కిన భాగాలు కూడా ఆ తరవాత పాటగానే వినిపించసాగాయి.

మొదటి కాన్చెర్టోలో మన ఫిడేలు తెలిసినవారికి ఇట్టే అర్థమయ్యే విషయం ఒకటి ఉంది. పాడేవారి శ్రుతిని బట్టి తీగలను ఎక్కించడం, దించడం మనకు నిత్యం ఉండే పనే. పాశ్చాత్య వయొలిన్‌కు మాత్రం నాలుగు తీగల స్థాయి దాదాపు ఖాయం. పాగనీని ఆర్కెస్ట్రా భాగాలను ఇ-ఫ్లాట్ మేజర్ అనే శ్రుతిలో రాసి, తన తీగలను అరస్వరం పైకి బిగించుకొని, తాను మాత్రం దానికన్నా అరస్వరం కిందిదైన డి మేజర్ వేళ్ల అమరికతోనే వాయించాడు. ఇ-ఫ్లాట్‌లో ఆర్కెస్ట్రా వయొలిన్లకు ఖాళీ తీగలు అంతగా కలిసిరావు కనుక వాటి నాదం కొంత మసకబారుతుంది. బిగించిన ఖాళీ తీగలను ధారాళంగా వాడుకొనే అతని వయొలిన్ దానిమీద మెరుస్తుంది. నేడు ఈ రచనను సాధారణంగా అందరూ డి మేజర్‌లోనే వాయిస్తారు, అకార్దో కూడా అంతే, కాబట్టి ఆ ఎత్తుగడ ఈ రికార్డింగులో వినబడదు. అది నాకు కొంచెం వెలితే.

ఆర్కెస్ట్రా విషయంలో దూత్వా వాటా చిన్నది కాదు. పాగనీని ఆర్కెస్ట్రా రచన చాలాచోట్ల వయొలిన్‌కు తాళం వేసి ఊరుకొంటుంది, మధ్యలో బాస్ డ్రమ్ము, తాళాలతో ఊరేగింపులా విరుచుకుపడుతుంది. ఆ హడావుడిని దూత్వా నవ్వులాటగా తీసుకోలేదు, బిగువుగా నడిపించి, సోలో రాగానే తెర వెనక్కి తప్పుకొనేలా చేశాడు. మొదట్లో ఆ డ్రమ్ము మోగినప్పుడల్లా వెంట సన్నని గలగల ఒకటి వినిపిస్తే, అది కూడా రచనలోనిదే అనుకొని మురిసిపోయాను; మా షోకేసులోని స్టీలు గ్లాసు స్పీకరుతో పాటు వణుకుతోందని తెలియడానికి మూడు నెలలు పట్టింది.

లోపాలు లేవని అనను. జంట స్వరాలు వేగంగా పై స్థాయికి ఎక్కే చోట్ల అకార్దో శ్రుతి వెంట్రుకవాసి పక్కకు ఒరిగినట్లు నా చెవికి తోస్తుంది. అలాంటి చోట్ల వయొలిన్ విద్వాంసుడు మైకేల్ రేబిన్ 1960లో యూజీన్ గూసెన్స్ నిర్వహణలో ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో చేసిన మొదటి కాన్చెర్టో రికార్డింగు తిరుగులేనిది. 35 ఏళ్లకే కన్నుమూసిన ఆ మనిషి కమానులోని నిప్పు అకార్దో దగ్గర లేదు. పాతకాలపు వాసన కావాలనుకొనేవారికి వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ 1934లో పియేర్ మోంతో నిర్వహణలో పారిస్‌లో వాయించినది ఉంది. ద్వారం వేంకటస్వామి నాయుడు గారి వాద్యాన్ని 1952లో మద్రాసులో విని మెచ్చుకొన్న మెనూహిన్ ఈయనే కనుక, ఆ రికార్డింగు మీద నాకు కొంత పక్షపాతం ఉందని ఒప్పుకొంటాను.

ఐనా ఈ పెట్టెనే నిలబెట్టుకోవడానికి కారణం ఆరు కాన్చెర్టోలూ ఒకే మనిషి చేతిలో దొరకడం. పాగనీని తన రచనలు ఇతరుల చేతిలో పడకుండా కాపాడుకొన్నాడు; 1840లో అతడు చనిపోయాక పదకొండేళ్లకు, 1851లో గాని మొదటి రెండు కాన్చెర్టోలు అచ్చుకాలేదు. నాలుగో దాన్ని 1954లో ఆర్థర్ గ్రుమియో, మూడో దాన్ని 1971లో హెన్రిక్ షెరింగ్ అనే వయొలిన్ విద్వాంసులు వెలుగులోకి తెచ్చారు. ఐదో దానికి ఆర్కెస్ట్రా భాగం దొరకక, ఫెదెరికో మొంపెల్లియో అనే పండితుడు సమకూర్చాడు. నిజం చెప్పాలంటే ఐదు, ఆరు నేను ఏడాదికి ఒకసారి కూడా పెట్టను. రెండోది, ‘లా కాంపనెల్లా’ అన్న పేరుతో దాని చివరి భాగంలో మోగే చిరుగంట కోసం, మా ఇంట్లో పిల్లలకు కూడా ఇష్టం.

కొన్న పెట్టెలో మూడో డిస్కు గీతలు పడి వచ్చింది. అమ్మినవారు దాన్ని మార్చి ఇవ్వడానికి నెల రోజులు తిప్పారు. కొత్తది వచ్చిన రోజే ఆరింటినీ కంప్యూటర్లోకి ఎక్కించుకొన్నాను, కొనేవారు కూడా ముందుగా ఆ పని చేసుకొంటే మంచిది. కొత్తగా వినేవారు మొదటి కాన్చెర్టోను రెండో భాగంతో మొదలుపెట్టి, తరవాత నాలుగో కాన్చెర్టో నడిమి భాగానికి వెళ్లాలని నా సలహా. ఏడుపు గొంతుతో వాయించమని దాని నెత్తిన రాసుకొన్నాడు పాగనీని, అకార్దో ఆ మాటను అక్షరాలా పాటించాడు. రాత్రి పది దాటాక, ఇంట్లో అందరూ పడుకొన్నాక, నేను ఎక్కువగా పెట్టుకొనేది ఇప్పుడు అదే. స్టీలు గ్లాసును మాత్రం వంటింట్లోకి మార్చాము.