బ్యాంకాక్‌లో మూడు రాత్రులు: పడక 380, రిసెప్షన్‌కు తాళం

బంగ్లాంఫూ అనే పేటలో, ఖావోసాన్ రోడ్డుకు రెండు సందుల అవతల ఒక హాస్టల్. దిగింది నలుగురు. ఎనిమిది పడకల ఏసీ డార్మ్, మనిషికి రాత్రికి 380 బాత్ (థాయ్ కరెన్సీ). దిగేటప్పుడు కీకార్డు కోసమని తలకు 300 బాత్ డిపాజిట్ కట్టించుకున్నారు. నగదే కావాలి, కార్డు కుదరదన్నారు. నాలుగో రోజు ఉదయం ఆరున్నరకు డాన్ ముయాంగ్ విమానాశ్రయం నుంచి క్రాబి విమానం కాబట్టి మూడున్నరకే మంచం దిగాలి. ఆ వేళకు రిసెప్షన్ బల్ల దగ్గర మనిషి లేడు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా, "కార్డులు ఇందులో వెయ్యండి" అని ఒక చీటీ. డిపాజిట్ మాట ఆ చీటీలో ఎక్కడా లేదు. నలుగురిదీ కలిపి 1,200 బాత్, అంటే మూడు పడకల అద్దెకు పైనే, కార్డులతోపాటు ఆ డబ్బాలో పడిపోయింది. తరవాత మెసేజ్ పెడితే జవాబు మర్యాదగానే వచ్చింది: రాత్రి పదకొండు నుంచి ఉదయం ఏడున్నర దాకా రిసెప్షన్ ఉండదు, ముందురోజు సాయంత్రమే అడగాల్సింది. దిగిన రోజు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. నలుగురిలో ఒకాయన క్రాబి చేరేదాకా నోరు విప్పలేదు. డిపాజిట్ కట్టిన రసీదు ఆయన జేబులోనే ఉంది మరి.

న్యాయంగా చెప్పాలంటే ఆ హాస్టల్ శుభ్రంగానే ఉంది. దుప్పట్లు ఉతికినవే, స్నానాల గదిలో వేడినీళ్ళు వచ్చాయి, ఏసీ ఆగలేదు. అందుకే ఇది మరీ మండుతుంది. బ్యాంకాక్‌లో హాస్టల్ వెతికేవాళ్ళు ధర, ఫొటోలు, రేటింగ్ చూస్తారు. అన్నిటికంటే ముందు చూడాల్సింది రిసెప్షన్ ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు అన్నది. ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండే చోటుకు పడక మీద యాభై బాత్ ఎక్కువైనా ఇవ్వండి.

మన వాళ్ళకు ఇది ఇంకా అవసరం. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా వెళ్ళే విమానాల్లో చాలావరకు రాత్రిపూట ఎక్కేవే. ప్రయాణం మూడున్నర గంటల లోపు, అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. దిగేసరికి తెల్లవారుజాము. హాస్టల్ చెక్-ఇన్ మధ్యాహ్నం రెండుకు. పదో తేదీ రాత్రి ఎక్కితే దిగేది పదకొండున. ఉదయం ఏడుకే పడుకోవాలంటే పదో తేదీ రాత్రికి కూడా పడక తీసుకుని, "పదకొండు ఉదయం వస్తాం" అని ముందే రాసి పెట్టాలి. రాయకపోతే రాత్రికి రాలేదని మొత్తం బుకింగ్ కొట్టేసే చోట్లున్నాయి. అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు దిగేవాళ్ళదీ ఇదే చిక్కు. టికెట్ మీద పదకొండు అని ఉంటుంది, పడక మాత్రం పదో తేదీకి తీసుకోవాలి.

పడక కోసం అదనంగా కట్టడం ఇష్టం లేకపోతే సామాను హాస్టల్లో పడేసి బయట పడండి. దానికీ రిసెప్షన్ తెరిచి ఉండాలి. మూసి ఉంటే గేటు ముందు సూట్‌కేసు మీద కూర్చోవడమే. వాట్ ఫో గుడి ఎనిమిదికి తెరుస్తారు, టికెట్ 300 బాత్. పక్కనే ఉన్న రాజభవనం ఎనిమిదిన్నరకు, 500 బాత్. మోకాళ్ళు, భుజాలు కప్పుకుని వెళ్ళాలి. దారిలో ఎవరైనా పెద్దమనిషి తరహాగా వచ్చి "ఇవాళ రాజభవనం మూత, ఇరవై బాత్‌కు టుక్‌టుక్‌లో వేరే గుళ్ళు చూపిస్తా" అంటే ఆగకుండా నడవండి. ఆ టుక్‌టుక్ నగల కొట్టు దగ్గరే ఆగుతుంది. డబ్బు ఖర్చు లేకుండా పొద్దు గడపాలంటే లుంఫినీ పార్కు ఉంది. తెల్లవారకముందే తెరుస్తారు, చెరువు గట్టున మనిషి పొడవు ఉడుములు తిరుగుతుంటాయి.

విమానాశ్రయం సంగతి. బయల్దేరే ముందు టీడీఏసీ అనే డిజిటల్ రాక పత్రం ఆన్‌లైన్‌లో నింపాలి. 2025 మే 1 నుంచి విదేశీయులందరికీ తప్పనిసరి. రాక తేదీకి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. సువర్ణభూమి విమానాశ్రయంలో దిగాక డబ్బు మార్చుకోవడానికి పైఅంతస్తుల్లో బ్యాంకుల కౌంటర్ల దగ్గర నిలబడొద్దు. కింద బేస్‌మెంట్‌లో, రైలు స్టేషన్ పక్కన ఉన్న చిన్న కౌంటర్లలో రేటు మెరుగు. ఏటీఎంలో మన కార్డు పెడితే లాగిన ప్రతిసారీ 220 బాత్‌కు తక్కువ కాకుండా కోత. పైగా తెర మీద "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడుగుతుంది, వద్దు అనాలి. ఊళ్ళోకి ఎయిర్‌పోర్ట్ రైలు ఫయాథాయ్ స్టేషన్ దాకా 45 బాత్, అరగంట. టాక్సీ అయితే మొదటి అంతస్తులో యంత్రం దగ్గర చీటీ తీసుకోవాలి. మీటరు 35 బాత్‌తో మొదలు, దాని మీద విమానాశ్రయం రుసుము 50, టోల్ మనదే. అన్నట్టు, "సువర్ణభూమి" అని మనం ఎంత స్పష్టంగా పలికినా టాక్సీవాడికి ఎక్కదు. వాళ్ళ నోట అది సువన్నఫూమ్.

ఇక పడక ధర. తెర మీద కనిపించే 380 ఎప్పుడూ 380 కాదు. టవల్ అద్దె 30–40 బాత్. కార్డుతో కడితే చాలాచోట్ల మూడు శాతం అదనం. కొన్ని బుకింగ్ సైట్లు పన్నుకు ముందు ధర చూపిస్తాయి. లాకరుకు తాళం మనదే తెచ్చుకోవాలి. ఇంటి నుంచి ఇత్తడి తాళంకప్ప తీసుకెళ్తే దాని కొంకి ఆ రంధ్రంలో పట్టదు. ఐదారు మిల్లీమీటర్ల సన్నటి కొంకి ఉన్నది కావాలి. అక్కడే కొంటే 80–100 బాత్. బాత్ విలువ రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది కాబట్టి మూడు రాత్రులకు ఇవన్నీ కలిపితే మన డబ్బుల్లో మనిషికి నాలుగైదు వందలు తేలిగ్గా పెరుగుతాయి.

పాస్‌పోర్టు అడిగితే ఇవ్వాల్సిందే. విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలపడం బస ఇచ్చినవాళ్ళ బాధ్యత, అక్కడి చట్టమే అది. ఫోన్లో ఫొటో చూపిస్తే కొందరు ఒప్పుకోరు. వాళ్ళు కాపీ తీసుకుంటారు, అంతే. పాస్‌పోర్టునే డిపాజిట్‌గా ఉంచమంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ఇద్దరు కలిసి వెళ్తే డార్మ్ దండగ. రెండు పడకలు 450 చొప్పున 900 అవుతుంది. అదే పేటలో చిన్న గెస్ట్‌హౌస్‌లో తలుపు, గడియ, సొంత స్నానాల గది ఉన్న గది 800–900కు దొరుకుతుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు, నలుగురై నాలుగు పడకల గది మొత్తం తీసుకునేవాళ్ళకు డార్మ్ కలిసొస్తుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ ఆలోచనే పెట్టుకోవద్దు, చాలా హాస్టళ్ళు పిల్లల్ని డార్మ్‌లోకి రానివ్వవు.

ఏ పేటలో దిగాలన్నదానికి ఒకటే కొలత: రైలు స్టేషన్‌కు నడక దూరం. ఈ లెక్కన ఖావోసాన్ ఓడిపోతుంది. అక్కడికి మెట్రో లేదు, దగ్గరి స్టేషన్‌కు పాతిక నిమిషాలు నడవాలి. పడవ ఉంది. ఫ్రా ఆతిత్ రేవు నుంచి నారింజ జెండా పడవలో 16 బాత్‌కు సాథోన్ రేవు దాకా వెళ్ళొచ్చు, కానీ చీకటి పడ్డాక దొరకదు. ఖావోసాన్ మీదే ఉన్న హాస్టల్లో రాత్రి రెండు దాకా స్పీకర్ల మోతకు మంచం అదురుతుంది. ఆ వాతావరణం చూడాలనుకుంటే పక్క సందు రాంబుట్రీలో దిగండి. అసలు మాటంటే చైనాటౌన్ నయం. 2019లో మెట్రో నీలం గీత అటు పొడిగించాక వాట్ మంకోన్ స్టేషన్ అక్కడి పెద్ద వీధి యావరాట్ నడిమధ్యకు వచ్చింది, అదే గీత మీద సనాం చాయ్ స్టేషన్‌లో దిగితే వాట్ ఫో పక్కనే. ఈ మెట్రోలో గేటు దగ్గర వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. బీటీఎస్ అనే ఆకాశ రైలు వేరే సంస్థది, దానికి టికెట్ వేరే కొనాలి, 17 బాత్ నుంచి మొదలు. ఒక దాని టికెట్ ఇంకోదానిలో చెల్లదు. సీలోమ్ వీధి హాస్టళ్ళు కాస్త ఖరీదు కానీ రెండు రైళ్ళూ అక్కడ కలుస్తాయి. మారియమ్మ గుడి కూడా ఆ వీధిలోనే ఉంది, తమిళులు కట్టుకున్నది.

పాత రైల్వే స్టేషన్ హువా లాంఫోంగ్ చుట్టుపక్కల హాస్టళ్ళు "చియాంగ్ మాయ్ రైలుకు రెండు నిమిషాలు" అని ఇప్పటికీ రాసుకుంటుంటే నమ్మకండి. 2023 జనవరి 19 నుంచి దూరప్రాంతాల రైళ్ళు చాలావరకు బాంగ్ సూలోని కొత్త క్రుంగ్ థెప్ అఫివట్ స్టేషన్‌కు మారిపోయాయి. పాత స్టేషన్‌లో మిగిలినవి అయుత్తయా వైపు వెళ్ళే ఆర్డినరీ రైళ్ళలాంటివే.

గదిలోకి వెళ్ళగానే బ్యాగు మంచం మీద పెట్టకండి. ముందు ఫోన్ లైటు వేసి పరుపు మూలల్లో కుట్టు మడతలు తెరిచి చూడండి. మిరియపు పొడి చల్లినట్టు నల్లచుక్కలు కనిపిస్తే నల్లులే. చెక్క మంచమైతే పలకల అతుకులు, మేకుల రంధ్రాలు కూడా చూడాలి. ఉంటే అదే గదిలో ఇంకో పడక ఇస్తామంటారు. ఒప్పుకోవద్దు, వేరే గదే అడగండి. బుక్ చేసే ముందే రివ్యూలను కొత్తవి పైకి వచ్చేట్టు పెట్టి, నల్లుల మాట ఉందేమో వెతకండి. రెండేళ్ళ కిందటి పొగడ్తలు ఎందుకూ పనికిరావు.

పడక కింద దొరికితే మంచిది, రైల్లో లోయర్ బెర్త్ అడిగినట్టే బుకింగ్‌లో రాసి అడగాలి. పై పడకకు నిటారుగా ఇనపకడ్డీల నిచ్చెన ఉంటుంది, వట్టి కాళ్ళతో ఎక్కితే అరికాళ్ళు కోస్తాయి. ఏసీ గాలి కూడా తిన్నగా పై పడక మీదే కొడుతుంది. చవక చోట్ల పగలు ఏసీ ఆపేస్తారు. ఏప్రిల్‌లో అలాంటి చోట దిగితే మధ్యాహ్నం పడుకోవడం కుదరదు, కాబట్టి వేళలు అడగండి. మన రెండు పిన్నుల ఫోన్ చార్జరు అక్కడి ప్లగ్గులో పడుతుంది. గుండ్రటి మూడు పిన్నులది పట్టదు, అడాప్టర్ కావాలి. మరుగుదొడ్డిలో చేతి జెట్ ఉంటుంది. ఐరోపా తిరిగొచ్చినవాళ్ళకు ఈ ఒక్కదానికే ప్రాణం లేచొస్తుంది. కొళాయి నీళ్ళు తాగొద్దు. హాస్టల్ ఫిల్టరు లేకపోతే సందుల్లో నీళ్ళ యంత్రాలుంటాయి, బాత్ నాణెం వేస్తే సుమారు లీటరు.

శాకాహారులకు ఊరు కష్టమేమీ కాదు, మాట తెలిస్తే. పసుపు జెండా మీద ఎర్రగా, 17 అంకెలా కనిపించే గుర్తున్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. దాన్ని "జే" అంటారు. మామూలు కొట్లో "కూరగాయలే" అంటే కూరగాయలే వేస్తారు, పైన చేప సాస్ పోస్తారు. "కిన్ జే" (జే తింటాను) అని మొదలుపెట్టి, "మై సాయ్ నామ్ ప్లా" (చేప సాస్ వెయ్యొద్దు) అని కూడా చెప్పాలి. చివర్న మగవాళ్ళు ఖ్రాప్, ఆడవాళ్ళు ఖా అంటే ముఖం విప్పారుతుంది. పప్పన్నం, రొట్టె మీద మనసు పోతే సామ్ యోట్ స్టేషన్ దగ్గర మనవాళ్ళ పేట ఫాహురాట్ ఉంది. అక్కడి గురుద్వారాలో ఉదయం లంగర్ (అందరికీ ఉచిత భోజనం) ఉంటుంది, తల కప్పుకుని వెళ్ళాలి.

తెల్లవారుజామున బయల్దేరేవాళ్ళు ముందురోజు రాత్రి పదికల్లా కిందికి దిగి డిపాజిట్ వెనక్కి తీసుకోండి. "కార్డు ఇవ్వకుండా డబ్బెలా ఇస్తాం" అంటే కార్డు అప్పుడే ఇచ్చేసి, గేటు లోపలి నుంచి మీట నొక్కితే తెరుచుకుంటుందో లేదో వాళ్ళ ముందే నొక్కి చూడండి. సామాను కూడా అప్పుడే సర్దాలి, మూడింటికి ప్లాస్టిక్ కవర్ల చప్పుడు చేస్తే ఏడుగురి శాపం తగులుతుంది. ఆ వేళకు బస్సును నమ్ముకోవద్దు. యాప్‌లో కారు పిలిస్తే బంగ్లాంఫూ నుంచి డాన్ ముయాంగ్‌కు టోల్‌తో కలిపి 350 బాత్ దాకా అవుతుంది. కారు సందులోకి రాదు, పెద్ద రోడ్డు మీద నిలబడండి.