నాలుగు విండోలు, నాలుగు కీలు: ఐదేళ్లు దాటిన ప్లాస్మా వాడకం

మెటా కీ పట్టుకుని ఎఫ్1 నొక్కితే పాత పుస్తకం స్కాను ముందుకు వస్తుంది. ఎఫ్2 నొక్కితే నేను దిద్దుతున్న పాఠం. ఎఫ్3 నిఘంటువు. ఎఫ్4 ప్రచురణకర్తను అడగాల్సిన సందేహాల పట్టిక. మెటా అంటే మామూలు కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉండే కీయే. తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి దగ్గరే కూర్చుని ప్రూఫులు దిద్దుకునే నాకు, 2020 నుంచి పొద్దున్న మొదలు రాత్రి దాకా వేళ్ల కింద ఉన్నవి ఈ నాలుగే. లినక్స్ కంప్యూటర్లలో తెరను, విండోలను నడిపే కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌లో థీములు, ప్యానెళ్లు, సొగసులు ఎన్నో ఉన్నాయి. వాటి జోలికి పోను. ఆ డెస్క్‌టాప్‌ను నేను వదలకుండా పట్టుకోవడానికి కారణం ఒక్కటే: ఒక్కో విండోకు దాని సొంత కీ ఇచ్చుకునే వీలు.

ప్రూఫు పని చేయనివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. పాత అచ్చులో ‘మఱి’ అని ఉంటుంది, టైపు చేసినవారు ‘మరి’ అని కొట్టి ఉంటారు. ‘వాఁడు’లో అరసున్న ఎగిరిపోయి ఉంటుంది. చూపు స్కానులో ఒక పాదం మీద నిలపాలి, పాఠంలో అదే పాదానికి రావాలి, అనుమానం వస్తే నిఘంటువుకు వెళ్లి మళ్లీ ఆ పాదానికే తిరిగి రావాలి. గంటకు కొన్ని వందల సార్లు ఈ రాకపోకలు. మధ్యలో విండోను వెతుక్కోవలసి వస్తే పాదం తప్పిపోతుంది, పాదం తప్పితే తప్పు మిగిలిపోతుంది.

ఆల్ట్ ట్యాబ్ ఉంది కదా అని అడుగుతారు. అది చివరగా వాడినదాన్ని ముందుకు తెస్తుంది. రెండే విండోలున్నంత సేపు హాయి. మూడోది తెరిచిన క్షణం వరస మారిపోతుంది, ఒకసారి నొక్కాలో రెండుసార్లు నొక్కాలో తెర చూసి తేల్చుకోవాలి. ప్లాస్మాలోనే మెటా ఒకటి, మెటా రెండు అని టాస్క్‌బార్ వరసను బట్టి విండోలు పిలిచే కీలు కూడా ఉన్నాయి. కొన్నాళ్లు వాటితో కుస్తీ పట్టాను. ఏది ముందు తెరిస్తే అదే ఒకటి అవుతుంది కాబట్టి నిన్నటి ఒకటి ఈ రోజు మూడు అవుతుంది. చేతికి అలవాటయ్యేలోపే మారిపోయే కీ నాకు అక్కరకు రాలేదు.

నా పాత కంప్యూటర్‌లో ప్లాస్మాతో వచ్చే లినక్స్, కుబుంటు 20.04 ఎక్కించింది చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండే మా అక్క కొడుకు. ఆల్ట్ ఎఫ్3 నొక్కితే వచ్చే మెనూలో ‘విండో షార్ట్‌కట్ సెట్ చేయి’ అన్న వరసను చూపించింది కూడా వాడే. అక్కడ ఇచ్చిన కీ ఆ విండో మూసేదాకే ఉంటుంది. శాశ్వతంగా ఉండాలంటే విండో రూల్స్‌లోకి వెళ్లి, ఈ పేరున్న విండో ఎప్పుడు తెరుచుకున్నా ఈ కీ ఇవ్వు, తెరలో ఈ చోట పెట్టు అని నియమం రాసుకోవాలి. అరగంట పని. ఆ అరగంట నాకు ఐదేళ్లు కూడు పెట్టింది.

అక్షరాల కీలు కాకుండా ఎఫ్ కీలే ఎందుకంటే, నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో టైపు చేస్తాను. తెలుగు లేఅవుట్ ఉన్నప్పుడు జె మీద నాకు కనిపించేది ‘ర’, షిఫ్టుతో ‘ఱ’. ఒకే కీని రెండు పేర్లతో గుర్తు పెట్టుకోవడం కన్నా, ఏ భాషలో ఉన్నా ఎఫ్1 ఎఫ్1గానే ఉండడం మేలనిపించింది. కంట్రోల్ ఎఫ్1 నుంచి ఎఫ్4 దాకా వర్చువల్ డెస్క్‌టాప్‌లకు, అంటే ఒకే తెర మీద మార్చుకుంటూ వాడే విడి విడి డెస్క్‌టాప్‌లకు, ముందే ఇచ్చేసి ఉంటారు కాబట్టి మెటా పట్టుకున్నాను.

మొదట్లో చేసిన ఒక పొరపాటు చెబితే కొత్తవాళ్లకు పనికొస్తుంది. నియమం ఎంత గట్టిగా వర్తించాలో అడిగే చోట ‘ఫోర్స్’ ఎంచుకున్నాను. ఆ తర్వాత స్కాను విండోను ఒక్క అంగుళం కూడా జరపలేకపోయాను. దానికి ‘అప్లై ఇనిషియల్లీ’ చాలు. తెరుచుకునేటప్పుడు చెప్పిన చోట కూర్చుంటుంది, ఆ పైన మన ఇష్టం.

ఇంకొకటి. పీడీఎఫ్‌లు చదివే ప్రోగ్రాము ఓక్యులర్‌లో ఒకేసారి రెండు ఫైళ్లు విడి విడి విండోల్లో తెరిచినప్పుడు, ఏది స్కానో తెలియడానికి టైటిల్‌ను బట్టి నియమం రాశాను. ఫైలు పేరులో ‘స్కాను’ అన్న మాట ఉంటే ఎఫ్1 దానిదే. ఒక అచ్చుకూటం నుంచి వచ్చిన ఫైలుకు మాత్రం ఎంత నొక్కినా పలకలేదు. చూస్తే టైటిల్ పట్టీలో నేను పెట్టిన పేరు లేదు, ‘అన్‌టైటిల్డ్-1.పీ65’ అని ఉంది. పేజ్‌మేకర్‌లో కట్టిన పేజీల పాత పేరు పీడీఎఫ్ లోపల అలాగే మిగిలిపోయింది, ఓక్యులర్ దాన్నే చూపిస్తోంది. సెట్టింగుల్లో ‘డాక్యుమెంట్ టైటిల్ చూపించు’ అన్న టిక్కు తీసేస్తే ఫైలు పేరు వచ్చింది. ఇంకా పేజ్‌మేకర్ వాడే ప్రెస్సులతో పనిచేసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇలా నాలుగేళ్లు నిశ్చింతగా గడిచాయి. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ‘ఒకసారి రాసుకుంటే ఇక చూసుకోనక్కర్లేదు’ అని చెప్పుకుంటూ వచ్చాను.

2024 నవంబరు చివర, బయట వాన విడవకుండా పడుతున్న రోజుల్లో మా అక్క కొడుకు వచ్చి కుబుంటు 24.10 ఎక్కించి వెళ్లాడు. దాంతో ప్లాస్మా 6 వచ్చింది, లాగిన్ అయితే మామూలుగా వేలాండ్ సెషన్‌లోకి వెళుతోంది. తెర మీద విండోలను చూపించే కొత్త పద్ధతి పేరు వేలాండ్, పాతదాని పేరు ఎక్స్11. నా హోమ్ ఫోల్డరును అలాగే ఉంచాడు, నియమాలన్నీ అందులోనే ఉన్నాయి. మరుసటి రోజు పొద్దున్న పని మొదలుపెట్టాను. ధనుర్మాసంలో చదువుకునే 30 పాశురాలకు తెలుగు వ్యాఖ్యానంతో ఒక చిన్న పుస్తకం, డిసెంబరు 16కు ముందే అచ్చై రావాలి. మెటా ఎఫ్1 నొక్కాను. ఏమీ లేదు. ఎఫ్2 లేదు. ఎఫ్3 లేదు. స్కాను తెర మధ్యలో, పాఠం దాని మీద వాలి, నిఘంటువు ఎక్కడో వెనక.

ఎఫ్4 మాత్రం పలికింది. లిబ్రెఆఫీస్ రైటర్‌లో ఉన్న సందేహాల పట్టిక ఎప్పటిలాగే ముందుకు వచ్చింది. కీబోర్డు పాడయిందా అన్న అనుమానం అక్కడితో పోయింది కానీ అయోమయం రెట్టింపయింది. నాలుగు నియమాలూ నేనే రాశాను, ఒకే రోజు రాశాను. మూడు చచ్చిపోయి ఒకటి ఎలా బతికింది? నియమాల జాబితా తెరిచి చూస్తే నాలుగూ ఉన్నాయి, రాసింది రాసినట్టే ఉన్నాయి. తీసి మళ్లీ పెట్టాను, కంప్యూటర్ ఆపి వేశాను. పదకొండు దాటింది, మూడు పాశురాలు కూడా దాటలేదు. చేతులు వాటంతటవే మెటా ఎఫ్1 కోసం వెళ్తాయి, తెర కదలదు, పాదం తప్పుతుంది. ఆ పూట దిద్దిన పేజీలను సాయంత్రం మళ్లీ చదివితే రెండు ఱకారాలు వదిలేసి ఉన్నాను. నా పనిలో అది నాకు నిజంగా బాధ కలిగించిన రోజు.

మధ్యాహ్నం మా వాడికి ఫోను చేశాను. “చిన్నమ్మా, ఈ రోజుకు పని ఆపుకోవద్దు. లాగిన్ తెరలో కింద ఎడమ మూల సెషన్ అని ఉంటుంది, ఎక్స్11 ఎంచుకో” అన్నాడు. ఎంచుకున్నాను. నాలుగు కీలూ ప్రాణం పోసుకున్నాయి. అయితే లోపం నా నియమాల్లో కాదు, వేలాండ్‌లో ఏదో మారింది.

ఆదివారం కూర్చుని తేల్చాం. నియమాల కిటికీలో ‘డిటెక్ట్ విండో ప్రాపర్టీస్’ అనే బటన్ ఉంది. దాన్ని నొక్కి, మనకు కావలసిన విండో మీద క్లిక్ చేస్తే ఆ విండో వ్యవస్థకు ఏ పేరుతో తెలుసో చూపిస్తుంది. ఎక్స్11లో స్కాను విండో పేరు ‘ఓక్యులర్’. వేలాండ్‌లో అదే విండో ‘ఆర్గ్ డాట్ కేడీఈ డాట్ ఓక్యులర్’. పాఠం దిద్దే కేట్‌కూ, నిఘంటువు కోసమే విడిగా పెట్టుకున్న ఫాల్కన్ బ్రౌజర్‌కూ ఇదే కథ. ఈ మూడూ కేడీఈ వాళ్ల ప్రోగ్రాములే. రైటర్ బయటిది, దాని పేరు రెండు చోట్లా ఒకటే. అందుకే అది బతికింది. నేను రాసిన నియమాల్లో పేరు ‘అచ్చంగా ఇదే అయితే’ అని ఉంది. దాన్ని ‘ఈ మాట ఉంటే’ అని మార్చాం, అంతే. మొదటి రోజే అలా రాసుకుని ఉంటే ఆ పూట పోయేది కాదు. ఇప్పుడు ఎక్స్11లో తెరిచినా వేలాండ్‌లో తెరిచినా పలుకుతాయి. నియమాలన్నిటినీ ఎగుమతి చేసి పెన్‌డ్రైవులో ఒక కాపీ దాచుకున్నాను.

కానీ ఒకటి మాత్రం తిరిగి రాలేదు. పాత ప్లాస్మా 5లో కస్టమ్ షార్ట్‌కట్స్ అని ఒక విభాగం ఉండేది. అందులో, నేను ఉన్నది ఏ విండోలో అయినా, చెప్పిన విండోకు ఒక కీ నొక్కును పంపించే ఏర్పాటు ఉండేది. పాఠంలో కర్సరు కదపకుండానే స్కానులో పేజీ తిప్పడానికి దాన్ని వాడుకునేదాన్ని. దాన్ని నడిపే కే హాట్‌కీస్‌ను ప్లాస్మా 6లో తీసేశారు. ఎక్స్11లో ఇలాంటి పనులు చేసిపెట్టే ఎక్స్‌డూటూల్, డబ్ల్యూఎంకంట్రోల్ వంటివి వేలాండ్ విండోలను తాకలేవు. భద్రత కోసమే అలా కట్టారని, ఒక ప్రోగ్రాము ఇంకొకదానికి కీలు పంపడం ప్రమాదమని మా వాడు వివరించాడు. ఒప్పుకుంటాను. అయినా నా చేతికి అందివచ్చిన పనిముట్టు పోయింది. ఇప్పుడు మౌస్ బాణాన్ని స్కాను మీద ఉంచి చక్రం తిప్పుతున్నాను. క్లిక్ చేయకుండానే ఆ విండోలో పేజీ కదులుతుంది కాబట్టి పని జరుగుతోంది, కానీ కుడి చెయ్యి ప్రతి పేజీకి కీబోర్డు వదలాలి. ప్లాస్మా 6.8 నుంచి ఎక్స్11 సెషనే ఉండదని కేడీఈ బృందం ప్రకటించింది కూడా, అంటే ఆ పాత దారిలో ఎక్కువ కాలం తలదాచుకోలేం.

కాబట్టి ‘ఒకసారి రాసుకుంటే చాలు’ అన్న నా పాత మాటను కొంచెం తగ్గించుకుంటున్నాను. పెద్ద వెర్షను మారినప్పుడల్లా నాలుగు కీలూ ఒకసారి నొక్కి చూసుకోవాలి, చేతిలో పని లేని రోజే మార్చుకోవాలి. ఇంకో రెండు పరిమితులు: విండో తెరిచి లేకపోతే ఆ కీ ఏమీ చేయదు, ప్రోగ్రామును తెరిచిపెట్టదు. రెండోసారి నొక్కితే విండోను దించదు. కొందరికి ఈ రెండూ కావాలనిపించవచ్చు, నాకు అవసరం పడలేదు.

మెటా టీ నొక్కితే తెరను గళ్లుగా విభజించుకునే ఏర్పాటు 2023లో ప్లాస్మా 5.27తో వచ్చింది. చూశాను, బాగుంది. నా విండోలు తెరుచుకోగానే వాటి చోట్లలో కూర్చుంటాయి కాబట్టి దానితో నాకు పని పడలేదు.

నాకు తెర ఒక్కటే, రోజూ తెరిచేవి ఆ నాలుగే, చేసేది ఒకే రకం పని. ఇలాంటి పని ఉన్నవాళ్లు, అంటే అనువాదకులు, లెక్కలు సరిచూసేవారు, స్కానులు చూసి టైపు చేసేవారు, ఒక ఆదివారం కేటాయించి ఈ నియమాలు రాసుకోండి. రోజుకు ఇరవై రకాల విండోలు తెరిచి మూసేవారికి ఇది ఇంత మేలు చేస్తుందని చెప్పలేను. మా వాడే దీన్ని వాడడు, వాడికి ఆల్ట్ ట్యాబే చాలు. నేను మాత్రం ఇప్పుడు ఒక శతకం ప్రూఫు మొదలుపెట్టాను, ఎఫ్1 మీద 112 పేజీల స్కాను తెరిచి ఉంది.