యాక్సిడెంట్ క్లెయిమ్ ఏజెంట్లతో జాగ్రత్త: పెద్దకర్మ రోజున మా అక్క పెట్టిన సంతకాలు

రోడ్డు ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళు, వాళ్ళ చుట్టాలు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "క్లెయిమ్ సంగతి మేం చూసుకుంటాం" అంటూ ఇంటికొచ్చే ఏజెంట్ చూపించిన చోట సంతకం పెట్టకండి. మా అక్క పెట్టింది. ఆ తప్పు సరిదిద్దుకోడానికి మాకు ఏడాదికి పైగా పట్టింది.

2023 జూన్‌లో మా బావ పోయాడు. సూర్యాపేట జిల్లాలో 65వ నంబరు హైవే మీద, రాత్రి షాపు కట్టేసి బండి మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి టిప్పర్ గుద్దింది. బావది మోటార్ వైండింగ్ షాపు. ఇద్దరు పిల్లలు, పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. బావ వాళ్ళమ్మ కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది.

పోస్టుమార్టం గది బయట మేం కూర్చుని ఉంటే ఒకాయన వచ్చి అందరికీ టీ తెప్పించాడు. అంబులెన్స్ కూడా ఆయనే మాట్లాడాడు. మావాళ్ళు ఆయన్ని బావ స్నేహితుడు అనుకున్నారు. బావ ఇంటిపేరు, టిప్పర్ నంబరు అప్పటికే ఆయన డైరీలో రాసి ఉన్నాయి. ఎలా వచ్చాయని అడగాలని ఆ రోజు నాకు తట్టలేదు.

పెద్దకర్మ రోజు, ఇంకా విస్తళ్ళు తీయకముందే, మళ్ళీ వచ్చాడు. "అమ్మా, ఈ టైంలో మాట్లాడకూడదు గానీ ఆరు నెలలు దాటితే కేసు పోతుంది. నన్ను నీ సొంత అన్న అనుకో. నువ్వు కోర్టు మెట్లెక్కే పని లేకుండా చూస్తా. ముందు రూపాయి ఇవ్వొద్దు, వచ్చినదాంట్లో రూపాయికి ముప్పై అయిదు పైసలు మావి" అన్నాడు. అక్క చేతికి అప్పుడే గాజులు తీసేశారు. ఆ చేత్తోనే ఖాళీ వకాలత్ ఫారం (వకీలుకి కేసు అప్పగించే కాగితం) మీద, నాలుగు తెల్లకాగితాల మీద, రెండు బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారాల మీద సంతకాలు పెట్టించాడు. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, బావ ఆధార్, పదో తరగతి మెమో ఒరిజినల్ పట్టుకెళ్ళాడు. ముందు రూపాయి వద్దన్నవాడే వారం తిరక్కుండా ఖర్చులకని 12 వేలు తీసుకున్నాడు.

తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "కేసు వేశాం, నడుస్తోంది" అనేవాడు. నంబరు అడిగితే "నీకెందుకమ్మా ఆ తలనొప్పి" అనేవాడు. డిసెంబర్‌లో ఫోన్ చేసి, లోక్ అదాలత్‌లో 9 లక్షలకి మాట్లాడాం, వచ్చి సంతకం పెడితే చాలన్నాడు. అందులో ఆయన వాటా 3 లక్షల 15 వేలు. అక్క చేతికి 5 లక్షల 85 వేలు. ఇద్దరు పిల్లలు, ముసలామె, జీవితాంతానికి అంతే.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్ (కోర్టు కేసుల వివరాలు చూపించేది) వేసుకుని అక్క పేరుతో వెతికితే ఎం.వి.ఓ.పి. నంబరు, అంటే మోటారు ప్రమాద పరిహారం కేసు నంబరు దొరికింది. కోర్టులో పిటిషన్ నకలు తీయించాం. చదువుతుంటే నా ఒళ్ళు మండింది.

బావ నెల సంపాదన 8 వేలు అని రాశారు. వయసు 41 అన్నారు. పిటిషనర్లలో అక్క, ఇద్దరు పిల్లలు మాత్రమే ఉన్నారు. అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, పేరే లేదు.

ఈ మూడూ చిన్న విషయాల్లా కనపడతాయి, కానీ డబ్బంతా వాటిలోనే ఉంది. పరిహారం లెక్క ఎవరి దయ మీదా ఆధారపడదు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో దానికి పద్ధతి ఖాయం చేసింది. ఏడాది సంపాదన తీసుకుంటారు. బతికుంటే ముందు ముందు పెరిగేది కదా అని కొంత శాతం కలుపుతారు. సొంత పని చేసుకునేవాళ్ళకి 40 ఏళ్ళలోపైతే 40 శాతం, 40 నుంచి 50 మధ్యైతే 25 శాతం. ఆ మనిషి సొంత ఖర్చు కింద కొంత తీసేస్తారు. ఆధారపడినవాళ్ళు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురు నుంచి ఆరుగురైతే నాలుగో వంతు. మిగిలినదాన్ని వయసుని బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు. 36 నుంచి 40 ఏళ్ళకి 15, 41 నుంచి 45కి 14.

బావ ఆధార్‌లో పుట్టిన తేదీ 1982 జనవరి 1 అని ఉంది. మన ఊళ్ళలో సగం మంది ఆధార్లు ఇలాగే ఉంటాయి, ఆధార్ తీసేరోజు తేదీ తెలియదంటే జనవరి 1 కొట్టేశారు. పదో తరగతి మెమోలో మాత్రం 1984 ఆగస్టు. అంటే పోయేనాటికి నిజంగా 38 ఏళ్ళే. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్‌నే తీసుకోవాలని 2024లో ఇలాంటి ప్రమాదం కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది కూడా. మెమో ఏజెంట్ సంచిలోనే ఉంది. అయినా ఆధార్ వయసే రాయించాడు.

ఆయన రాయించిన ప్రకారం లెక్క కడితే 11 లక్షల 20 వేలు వస్తుంది. దాని పక్కన 9 లక్షలు మంచి రాజీలాగే కనపడుతుంది. బావకి నికరంగా నెలకి 15 వేలు మిగిలేవి. ఆ సంపాదనకి 38 ఏళ్ళ వయసు, నలుగురు ఆధారపడినవాళ్ళు వేసి కట్టి చూడండి. 28 లక్షల 35 వేలు. కేవలం వయసు ఆధార్ ప్రకారం వేసినా 4 లక్షల 72 వేల 500 పోతుంది. ఇవికాక భార్యకి, పిల్లలకి, తల్లికి విడివిడిగా కన్సార్షియం (ఆ మనిషి తోడు పోయినందుకు) కింద, అంత్యక్రియల కింద, ఎస్టేట్ (ఆస్తి నష్టం) కింద ఇచ్చేవి వేరే. వడ్డీ వేరే.

ఇంత తక్కువకి ఎందుకు వేస్తారని మీకు అనుమానం రావచ్చు. ఎక్కువ వస్తే వాళ్ళకీ వాటా ఎక్కువే కదా అని నేనూ అనుకున్నాను. నాకు అర్థమైందేంటంటే వాళ్ళకి కావలసింది తొందరగా తెగిపోవడం. సంపాదన రుజువు చెయ్యాలంటే సాక్షుల్ని తేవాలి, కాగితాలు పోగెయ్యాలి, రెండేళ్ళు తిరగాలి. ఆ కష్టం లేకుండా పది కేసులు రాజీ చేస్తే వాళ్ళకి గిట్టుబాటు. నష్టం మాత్రం ఆ ఇంటిదే.

లోక్ అదాలత్ చెడ్డదని నేననడం లేదు. సరైన లెక్కకి దగ్గరగా ఇస్తే రాజీ పడటమే మేలు. కానీ అక్కడ ఒప్పుకుని సంతకం పెట్టాక అప్పీలు ఉండదు. లెక్క తెలియకుండా వెళ్ళకండి.

మేం వెళ్ళలేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళాం. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా వకీలుని ఉచితంగా ఇస్తారు. 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. అక్కడ ఇచ్చిన వకీలు మేడం, ఏజెంట్ పెట్టిన పాత వకీలు నుంచి ఎన్‌ఓసీ (వకీలుని మార్చుకోడానికి అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చుకోమన్నారు. ఆ వకీలుని మేం అప్పటిదాకా చూడనే లేదు. ఏజెంట్ ఎన్‌ఓసీకి 50 వేలు అడిగాడు. ఫీజు బాకీ ఉందని వకీలు క్లయింటు కాగితాలు ఆపుకోడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కేసు గెలిస్తే ఇంత శాతం అని వకీళ్ళు ఒప్పందం చేసుకోవడం, కేసుల కోసం మనుషుల్ని పంపడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. మేడం ఈ రెండు మాటలూ రాసి నోటీసు పంపితే వారంలో ఎన్‌ఓసీ వచ్చింది. మెమో మాత్రం రాలేదు, డూప్లికేట్ తీసుకున్నాం. విత్‌డ్రాయల్ ఫారాలు తిరిగి రాలేదు కాబట్టి అక్క ఆ ఖాతా మూసేసి వేరే బ్యాంకులో తెరిచింది.

అత్తయ్యని పార్టీగా చేర్చి, వయసు, సంపాదన సవరించమని పిటిషన్ వేశాం. రుజువుల కోసం షాపు తెరిస్తే రేకు పెట్టెలో బావ చేతిరాతతో పదకొండు బిల్లు పుస్తకాలున్నాయి. "5 హెచ్‌పీ, వైండింగ్, 2,800, బాకీ 800." రైతుల పేర్లతో సహా. రాగి తీగ కొన్న రసీదులు, ఫోన్‌పే స్టేట్‌మెంట్లు జత చేశాం. బాకీ ఉన్న రైతుల్లో ఇద్దరు వచ్చి సాక్ష్యం చెప్పి, బాకీ కూడా తీర్చి వెళ్ళారు.

పోయినేడు ట్రిబ్యునల్ (ఈ పరిహారం కేసులు తేల్చే కోర్టు) నెలకి 13 వేల సంపాదన ఒప్పుకుంది. 24 లక్షల 57 వేలు, మిగతా పద్దులు, పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ. పిల్లల వాటా మైనారిటీ తీరేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో. ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టుకి వెళ్ళింది, కానీ సగం డబ్బు జమ చేసింది. పాప ఇంటర్ ఫీజు అక్క అందులోంచే కట్టింది.

ఇంకొన్ని సంగతులు. 2022 ఏప్రిల్ నుంచి క్లెయిమ్‌కి ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టులో కేసు ఉంది గానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చెయ్యకండి. అలాగని పదకొండో రోజే పరుగెత్తక్కర్లేదు, ఏజెంట్ ఆ భయం మీదే బతుకుతాడు. కేసు ప్రమాదం జరిగిన చోటే వెయ్యాలని లేదు, మీరుండే జిల్లాలోనూ వెయ్యొచ్చు. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ కింద 2 లక్షలు వస్తాయి. పోయిన మనిషి తన సొంత బండి మీదే ఉంటే ఆ పాలసీలో ఓనర్‌కి 15 లక్షల ప్రమాద బీమా ఉందేమో తీసి చూడండి. బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కట్ అవుతుంటే సురక్షా బీమా యోజన 2 లక్షలు కూడా ఉంటాయి. మా ఏజెంట్ ఇవేవీ చెప్పలేదు.

ఇప్పటికే ఇలా సంతకాలు పెట్టేసి ఉంటే భయపడకండి. ఈకోర్ట్స్‌లో పేరు వెతికి నంబరు రాసుకోండి. పిటిషన్ నకలు తీయించి వయసు, సంపాదన, పిటిషనర్ల పేర్లు మీరే చదవండి. తేడా కనపడితే లోక్ అదాలత్ తేదీ లోపలే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళకండి, ఇంట్లో లెక్కలు తెలిసినవాళ్ళని తీసుకెళ్ళండి. ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం ఇచ్చి ఉంటే మాత్రం బ్యాంకుకి ఈ రోజే వెళ్ళండి.